పొద్దున్నే కదా, ఎండేం చేస్తుంది?

జంగారెడ్డిగూడెం నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల ఫ్యాన్ సౌండ్ వినిపిస్తే ఏమనుకోకండి, మే నెలలో ఫ్యాన్ ఆపేసి రికార్డ్ చేసేంత ధైర్యం నాకు లేదు.

ఈ ఎపిసోడ్ ఎవరి కోసమంటే, పొద్దున్నే నాలుగున్నరకి అలారం పెట్టుకుని, వాట్సాప్ గ్రూపులో "బయల్దేరా" అని కొట్టి, గ్రౌండ్‌కి వెళ్లి పదిమందితో కలిసి పరిగెత్తేవాళ్ల కోసం. నేనూ అందులో ఒకడినే. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఏసీ కింద కోడ్ రాసి, ఊరొచ్చేశాక ఈ బ్యాచ్‌లో చేరాను. మా బ్యాచ్‌లో అన్ని రకాలూ ఉన్నారు. వాకింగ్ చేసే పెద్దవాళ్లు ఒక పక్క, ఆసనాలు వేసే ఆంటీలు ఒక పక్క, కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రిపేర్ అయ్యే కుర్రాళ్లు ఒక పక్క. మధ్యలో మాలాంటి వాళ్లం. పొట్ట తగ్గాలి కానీ ఉద్యోగానికి సంబంధం లేదు.

వేసవి వచ్చిన దగ్గర్నుంచి గ్రౌండ్‌లో రోజూ వినే మాట ఒకటుంది. "పొద్దున్నే కదండీ, ఎండేం చేస్తుంది?" ఎండ లేదు కాబట్టి వడదెబ్బ రాదు అని అందరి లెక్క. నాకు ఈ లెక్క మీదే మాట్లాడాలని ఉంది. ఎందుకంటే అందులో ఒక పెద్ద ఐటమ్ మిస్సయింది. సూర్యుడి వేడి లెక్కేశాం, మన ఒంట్లో పుట్టే వేడి వదిలేశాం.

ఫోన్‌తో చెప్తాను, మీకు ఈజీగా అర్థమవుతుంది. ఏసీ రూమ్‌లో కూర్చుని గంటసేపు గేమ్ ఆడినా ఫోన్ కాలిపోతుంది కదా. బయట ఎండ ఉందా? లేదు. లోపల ప్రాసెసర్ పని చేస్తోంది, వేడి పుడుతోంది, అది బయటికి పోవడం లేదు. మన కండరాలూ అంతే. తిన్న తిండి నుంచి వచ్చే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే కాళ్లని ముందుకు నెట్టడానికి పనికొస్తుంది. మిగతా మూడు వంతులూ వేడే.

లెక్క చూద్దాం. పరిగెత్తేటప్పుడు మనిషి సుమారుగా కిలో బరువుకి, కిలోమీటరుకి ఒక కిలోక్యాలరీ ఖర్చు పెడతాడు. 70 కిలోల మనిషి 5 కిలోమీటర్లు పరిగెత్తితే 350. అందులో 260 నుంచి 280 దాకా వేడి. ఆ వేడి ఒక్క చుక్క కూడా బయటికి పోలేదు అనుకుంటే ఒంటి ఉష్ణోగ్రత నాలుగు డిగ్రీల పైనే పెరగాలి. అంటే 37 నుంచి 41. ఐదు కిలోమీటర్ల పరుక్కి. మెకానికల్ బ్రాంచ్ వాళ్లు కామెంట్లలో డెసిమల్స్ సరిచేయొచ్చు, నేను సీఎస్‌ఈ. కానీ విషయం మారదు. మనం రోజూ పరిగెత్తి బతికే ఉన్నామంటే, ఆ వేడిని ఎవరో బయటికి పంపిస్తున్నారు. ఆ పని చేసేది చెమట.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. కారే చెమట వేరు, ఆరే చెమట వేరు. ఒక లీటరు చెమట ఒంటి మీద పూర్తిగా ఆరితే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని తీసుకుపోతుంది. అదే లీటరు చెమట బొట్లు బొట్లుగా నేల మీద పడితే దాదాపు ఏమీ తీసుకుపోదు. ఉప్పూ నీళ్లూ పోవడం తప్ప. "ఇవాళ బాగా చెమట పట్టిందిరా, సూపర్ వర్కవుట్" అని టీషర్టు పిండుకుంటూ ఫొటో పెడతారు చూడండి, అక్కడ పిండిన నీళ్లన్నీ ఆరని చెమటే. ఒంటిని చల్లబరచకుండానే పోయిన సరుకు.

మరి చెమట ఎందుకు ఆరదు? గాల్లో తేమ. ఇదే తెల్లవారుజాము సంగతి. గాలి చల్లబడే కొద్దీ నీటి ఆవిరిని పట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అందుకే రోజులో ఉష్ణోగ్రత అన్నిటికన్నా తక్కువగా ఉండే టైమ్‌లోనే తేమ శాతం మామూలుగా అన్నిటికన్నా ఎక్కువ ఉంటుంది. మే మధ్యలో మనకి సూర్యోదయం సుమారు ఐదున్నరకి. ఐదింటికి ఫోన్‌లో వెదర్ తీస్తే 28 డిగ్రీలు, తేమ 80 శాతం అని కనిపించిందనుకోండి. "అబ్బ, 28 ఏనా" అనుకుంటాం. కింద ఇంకో నంబర్ ఉంటుంది, డ్యూ పాయింట్ అని. ఆ లెక్కన అది 24 దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం 42 డిగ్రీలు, తేమ 25 శాతం ఉందనుకుందాం, అప్పుడు డ్యూ పాయింట్ 18 చుట్టుపక్కల. అంటే చెమట ఆరడం వరకే చూస్తే తెల్లవారుజామున ఉన్న గాలి మధ్యాహ్నం గాలి కన్నా మొండిది. మధ్యాహ్నం పరిగెత్తమని చెప్పట్లేదండి బాబూ! అప్పుడు గాలే ఒంటి కన్నా వేడి, నెత్తిన ఎండ, కింద నేల కాలుతుంది. పొద్దున మంచిదే. కాకపోతే "పొద్దున కాబట్టి ఏమీ కాదు" అనేది తప్పు.

డ్యూ పాయింట్ 24 దాటిన రోజు ఒళ్లంతా జిగురుగా ఉంటుంది, దాన్నే మనవాళ్లు ఉక్క అంటారు. నేను ఇప్పుడు యాప్‌లో ఉష్ణోగ్రత చూడటం మానేసి ఆ నంబరే చూస్తున్నాను.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక పరుగు పందెం గురించి చెప్తాను. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫాల్మౌత్ అని సముద్రం ఒడ్డున చిన్న ఊరు. ప్రతి ఆగస్టులో అక్కడ ఏడు మైళ్ల రేస్ జరుగుతుంది, అంటే సుమారు 11 కిలోమీటర్లు. అక్కడి మెడికల్ టెంట్ రికార్డులు 18 ఏళ్లవి తీసి చూస్తే, పరుగు వల్ల వచ్చిన హీట్ స్ట్రోక్ కేసులు 274. ఆ రేసు రోజుల్లో సగటు ఉష్ణోగ్రత ఎంతో తెలుసా? 23 డిగ్రీల చుట్టుపక్కల. మనం దుప్పటి కప్పుకునే టెంపరేచర్. మరి హీట్ స్ట్రోక్ ఎందుకు వచ్చింది? దూరం తక్కువ, కాబట్టి అందరూ గట్టిగా పరిగెత్తుతారు. వేగం ఎంత పెరిగితే నిమిషానికి పుట్టే వేడి అంత పెరుగుతుంది. దూరం కన్నా వేగం ప్రమాదం. ఆ 274 మందీ బతికారు. ఎలా బతికారో తర్వాత చెప్తాను, అది ముఖ్యం.

ఇప్పుడు మన గ్రూపు సంగతికి వద్దాం. ఒక్కడే పరిగెత్తేవాడు ఒంట్లో బాలేకపోతే ఆగిపోతాడు. చూసేవాళ్లెవరూ లేరు, సిగ్గు లేదు. పదిమందిలో ఉన్నవాడు ఆగడు. ముందువాడి వీపు చూస్తూ పోతూనే ఉంటాడు. వేడెక్కిన ఫోన్ తనంతట తానే స్లో అవుతుంది కదా, మనిషి ఒళ్లు కూడా అదే చేయాలని చూస్తుంది. కాళ్లు బరువెక్కుతాయి, బుర్ర "చాలు" అంటుంది. పక్కనుంచి "కమాన్ తమ్ముడూ, ఇంకొక్క రౌండే!" అని అరుస్తారు. మంచి మనసుతోనే అరుస్తారు. కానీ ఆ అరుపు చేసే పని, ఒళ్లు వేసుకున్న బ్రేకు మీద నుంచి కాలు తీయించడం.

ఈవెంట్స్ కుర్రాళ్ల దగ్గర ఇది ఇంకా ఎక్కువ. కానిస్టేబుల్ ఫిజికల్ టెస్ట్‌లో అబ్బాయిలకి 1600 మీటర్లు 8 నిమిషాల్లో. ఆ ఎనిమిది నిమిషాల మీద ఒక ఇంటి పరిస్థితి ఆధారపడి ఉంటుంది. నాన్న పొగాకు బ్యారన్ దగ్గర పని చేస్తుంటాడు, అక్క పెళ్లి అప్పు ఉంటుంది, వయసు లిమిట్ దగ్గర పడుతుంటుంది. అలాంటి వాడికి "జాగ్రత్తగా స్లోగా చేయి" అని చెప్పడం నాకు చాలా తేలిక. ఆ అబ్బాయికి వినడం తేలిక కాదు. అది నాకు తెలుసు. అందుకే జార్ఖండ్ సంగతి చెప్తున్నాను.

2024 ఆగస్టు చివర్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పోస్టులకి ఫిజికల్ టెస్ట్ పెట్టారు. అబ్బాయిలు 10 కిలోమీటర్లు 60 నిమిషాల్లో పరిగెత్తాలి. కొద్ది రోజుల్లోనే పన్నెండు మంది కుర్రాళ్లు చనిపోయారు. కారణాల మీద రకరకాల వాదనలు నడిచాయి. సెప్టెంబర్ మొదట్లో ప్రభుత్వం టెస్టులు కొన్ని రోజులు ఆపి, పొద్దున తొమ్మిది దాటాక పరుగు పెట్టొద్దని చెప్పింది. అదీ వానాకాలంలో. నడి వేసవి కూడా కాదు. వాళ్లంతా మన గ్రౌండ్‌లో కనిపించే కుర్రాళ్లలాంటి వాళ్లే.

మన దగ్గర వేసవి ఎంత తీసుకుపోతుందో వేరే చెప్పక్కర్లేదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి అధికారిక లెక్కల ప్రకారమే 1,500 మందికి పైగా వడదెబ్బకి పోయారు. వాళ్లలో చాలామంది కూలి పని చేసుకునేవాళ్లు, పెద్ద వయసువాళ్లు. వాళ్లకి మానేసే వీలు లేదు. మనం సరదాగా చేసే పనికి అంత మొండితనం ఎందుకండీ?

ఇక్కడ మన మెట్ట ప్రాంతం కూలీల దగ్గర ఒకటి నేర్చుకోవాలి. ఆయిల్ పామ్ తోటల్లో గెలలు కోసేవాళ్లని, జీడిమామిడి ఏరేవాళ్లని చూడండి. తెల్లారకముందే మొదలుపెడతారు, ఒకే స్పీడులో చేస్తారు, మధ్యలో చెట్టు కింద కూర్చుంటారు, చద్దన్నం మజ్జిగ తాగుతారు. వాళ్లలో ఎవరూ పర్సనల్ బెస్ట్ కొట్టాలనుకోరు. ఇంకోటి, వాళ్ల ఒళ్లు ఫిబ్రవరి నుంచీ నెమ్మదిగా వేడికి అలవాటు పడుతూ వస్తుంది.

ఈ అలవాటు అనేది ఉత్త మాట కాదు, నిజంగా ఒంట్లో జరిగే మార్పు. రోజూ కొంచెం కొంచెం వేడిలో పని చేస్తే పది, పద్నాలుగు రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తక్కువ పోతుంది, అదే పనికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటుంది. మానేస్తే కొన్ని వారాల్లో మళ్లీ మొదటికి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏసీలో ఉండి, వర్క్ ఫ్రమ్ హోమ్ అని మేలో ఊరొచ్చి, రెండో రోజే పాత ఫ్రెండ్స్‌తో గ్రౌండ్‌కి వచ్చేవాడు గ్రూపులో అందరికన్నా డేంజర్‌లో ఉన్న మనిషి. వాడు లావుగా ఉన్నాడా సన్నగా ఉన్నాడా అన్నది తర్వాత. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ, వేడిలో పనికి కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు పనిలో 20 శాతమే ఇవ్వండి, తర్వాత రోజుకో 20 శాతం చొప్పున మాత్రమే పెంచండి అంటుంది. మా గ్రౌండ్‌లో పది రౌండ్లు మామూలు. అంటే కొత్తవాడికి మొదటి రోజు రెండు. వినడానికి అవమానంగా ఉంటుంది, నాకు తెలుసు.

ఇప్పుడు మా గ్రౌండ్‌లో జరిగింది చెప్తాను. ఒక కుర్రాడు, పేరు వద్దు, బ్యాచ్‌లోకి కొత్తగా వచ్చి మూడో రోజు. టైమ్ పెట్టి పరిగెత్తిస్తున్నారు. చివరి రౌండ్‌లో నిటారుగా రావాల్సినవాడు వంకరటింకరగా వస్తున్నాడు. ఆగాక "ఏరా, బానే ఉందా?" అంటే "బస్సు వెళ్లిపోయిందా?" అన్నాడు. మేం నవ్వబోయాం. అక్కడ వాకింగ్ చేస్తున్న రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు నవ్వలేదు. దగ్గరికొచ్చి "మీదే ఊరు బాబూ?" అని అడిగారు. ఊరి పేరు చెప్పలేకపోయాడు.

మేం నలుగురం ఏం చేయబోయామంటే, బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని హాస్పిటల్‌కి తీసుకుపోదామని. మాస్టారు ఒకటే కేక. "ఒరేయ్, బండి తర్వాత! ముందు నీళ్లు పట్రండ్రా!" నీడలో పడుకోబెట్టి, షూస్, టీషర్టు తీయించారు. వాటర్ టిన్ను మొత్తం తల నుంచి కాళ్ల దాకా పోయించారు. అది అయిపోతే కొళాయి నుంచి బకెట్లు. ఆంటీలు యోగా మ్యాట్లతో విసిరారు. లైన్‌మ్యాన్ బాబాయ్ 108కి కొట్టాడు. బండి వచ్చేసరికి అబ్బాయి వాళ్ల అమ్మ పేరు చెప్తున్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. డాక్టర్ సరే అనేదాకా గ్రౌండ్‌లోకి రానివ్వలేదు.

ఆ మాస్టారు చేసిందే ఫాల్మౌత్‌లో 274 మందినీ బతికించింది. అక్కడ టెంట్‌లో చల్లటి నీళ్ల తొట్టెలు రెడీగా ఉంటాయి. పడిపోయినవాణ్ని ముందు తొట్టెలో ముంచుతారు, హాస్పిటల్ ఆ తర్వాత. హీట్ స్ట్రోక్‌లో ఒళ్లు 40 డిగ్రీలు దాటి ఎంతసేపు ఉంటే మెదడు, లివర్, కిడ్నీలు అంత దెబ్బతింటాయి. అరగంటలోపు వేడి దించితే బతికే అవకాశం చాలా ఎక్కువ. మనం ట్రాఫిక్‌లో బండి మీద మధ్యలో ఇరికించి తీసుకెళ్తే ఆ అరగంట రోడ్డు మీదే అయిపోతుంది. 108కి ఫోన్ చేయడం, నీళ్లు పోయడం రెండూ ఒకేసారి జరగాలి, ఒకటి అయ్యాక ఒకటి కాదు. 108 మొదలైందే మన ఉమ్మడి రాష్ట్రంలో, 2005లో. మొహమాటపడక్కర్లేదు, కొట్టండి.

గుర్తుపట్టడానికి జ్వరం కొలిచే థర్మామీటర్ అవసరం లేదు, పైగా నోట్లోనో చంకలోనో పెట్టి చూస్తే తక్కువ చూపించి మోసం చేస్తుంది. మాట తేడా వచ్చిందా, నడక తూలిందా, ఊరికే కోపం తెచ్చుకుంటున్నాడా, అంతే. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదు అనుకోవద్దు. మధ్యాహ్నం ఎండకి ఇంట్లో పడిపోయే పెద్దవాళ్లకి ఒళ్లు పొడిగా ఉండొచ్చు, పరిగెత్తి పడిపోయేవాడికి చెమట కారుతూనే ఉండొచ్చు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ వేయకండి, అది జ్వరానికి, ఈ వేడికి పనిచేయదు. జేబులో ఉల్లిపాయ పెట్టుకునేవాళ్లు మా బ్యాచ్‌లో ఇద్దరున్నారు. పెట్టుకోండి, ఇంటికెళ్లాక ఆమ్లెట్‌కి పనికొస్తుంది. వడదెబ్బకి మాత్రం దానికీ సంబంధం లేదు.

నీళ్ల గురించి. ముప్పావు గంట వ్యాయామానికి మామూలు నీళ్లు చాలు, తర్వాత ఉప్పు వేసిన మజ్జిగ. లీటర్లు లీటర్లు బలవంతంగా తాగడం కూడా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం తక్కువగా ఉంది, ముఖ్యంగా పరుగు మొత్తంలో నీళ్లు ఎక్కువ తాగి బరువు పెరిగినవాళ్లకి. దాహమేస్తే తాగండి, పొట్ట గుడగుడలాడేదాకా వద్దు.

ఓఆర్‌ఎస్ కొనేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి ఒక పోరాటం చేశారు. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి చక్కెర ఎక్కువున్న డ్రింకులు అమ్ముతున్నారని. చివరికి 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ప్రకారం లేని డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశం ఇచ్చింది. అసలు ఫార్ములాలో లీటరుకి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, ఇంకా పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ ఉంటాయి. మందుల షాపులో పొడి ప్యాకెట్ అడగండి, వెనక కొలతలు చదవండి, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లంటే అన్ని నీళ్లలో కలపండి. గ్లాసులో సగం పొడి వేసి తాగేయకండి.

మీ ఇంట్లో వాకింగ్‌కి వెళ్లే నాన్నగారో మావయ్యగారో బీపీకి మాత్రలు వేసుకుంటున్నారా? వాటిలో కొన్ని నీళ్ల మాత్రలు, అంటే యూరిన్ ఎక్కువ పోయేట్టు చేసేవి. వేసవిలో ఆ డోసు ఎలా ఉండాలో డాక్టర్‌ని ఒకసారి అడగమనండి. వాళ్లంతట వాళ్లు మానేయడం వద్దు. షుగర్ మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో గంట నడవడం గురించి కూడా అప్పుడే అడిగేయండి. ఉప్పు మజ్జిగ కూడా బీపీ ఉన్నవాళ్లు అడిగాకే.

ఆ రోజు తర్వాత మా గ్రూపులో కొన్ని మారాయి. మే, జూన్‌లో టైమ్ పెట్టి పరిగెత్తడం వారానికి రెండు రోజులే, అదీ పాతవాళ్లకే. మిగతా రోజుల్లో పరిగెడుతూ పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, మాట తెగిపోతుంటే నడక. ఎవరు స్లోగా ఉన్నారో వాళ్లే ముందుంటారు, వెనకాల మిగతావాళ్లు. మొదట్లో కుర్రాళ్లు గొణిగారు, "ఇదేం ఈవెంట్స్ ప్రాక్టీస్ అన్నా, ఊరేగింపులా ఉంది" అని. గొణగనీ. ప్రతి ఒక్కరికీ ఒక జత, రౌండ్‌కోసారి ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. ఆరుంబావుకల్లా గ్రౌండ్ ఖాళీ. రెండు వాటర్ టిన్నులు తాగడానికి కాదు, ఊరికే పక్కన ఉంటాయి. నెలకి తలా ముప్పై రూపాయలు. చీకట్లో హైవే వైపు పరిగెత్తడం మానేశాం, లారీలు ఆగవు కాబట్టి.

ముందు రోజు రాత్రి నిద్ర లేనివాడు, విరేచనాలో జ్వరమో వచ్చి తగ్గినవాడు, రాత్రి మందు తాగినవాడు ఆ రోజు నడకే. ఈ రూల్ వల్ల పెళ్లిళ్ల సీజన్‌లో సగం బ్యాచ్ నడుస్తూనే ఉంది.

అమ్మాయిలు, అబ్బాయిలు ఎవరైనా ఈవెంట్స్‌కి ప్రిపేర్ అవుతుంటే మీ టైమింగ్ పోతుందని భయపడొద్దు. వేడికి అలవాటు పడిన ఒళ్లు చల్లటి రోజున ఇంకా తేలిగ్గా పరిగెడుతుంది. స్పీడ్ ప్రాక్టీస్ చేయాల్సిన రోజున మధ్యలో రెస్ట్ పెంచుకోండి, రౌండ్లు తగ్గించుకోండి, తల మీద నీళ్లు పోసుకుని దిగండి.

ఒక్కటి మిగిలింది. జూన్‌లో తొలకరి పడగానే అందరూ "హమ్మయ్య, వేసవి అయిపోయింది" అని స్పీడ్ పెంచేస్తారు. వాన పడ్డాక మబ్బు పట్టి, గాలి ఆడకుండా ఉండే పొద్దున్నలు చూడండి, ఉక్క మే కన్నా ఎక్కువ ఉంటుంది. జార్ఖండ్ కుర్రాళ్లు పరిగెత్తింది ఆగస్టులోనే. అందుకని మా బ్యాచ్ ఈ టైమింగులు, ఈ టిన్నులు సెప్టెంబర్ దాకా తీయట్లేదు. మీ గ్రౌండ్‌లో కొళాయి ఎక్కడుందో రేపు పొద్దున్న ఒకసారి చూసి కామెంట్‌లో పెట్టండి. ఉంటానండి.